మూడు లీటర్ల కుక్కర్, ఏడు నెలల ఫ్రాన్సు

కొన్న వస్తువు మూడు లీటర్ల స్టీలు ప్రెషర్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యికి పనికొచ్చే అడుగుది. కొన్న చోటు కడప వై.వి. వీధి, ధర 2,350 రూపాయలు. వాడింది మాత్రం ఫ్రాన్సులోని లిమోజ్ అనే ఊళ్లో, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా నేనక్కడ ఉన్నప్పుడు. కంపెనీ పేరు రాయడం లేదు. అంగట్లో నాలుగు కంపెనీలవి పక్కపక్కన పెట్టి చూశాను, మూత మీది ముద్ర తప్ప పెద్ద తేడా కనిపించలేదు.

అక్కడ నా ఉద్యోగం ఇంగ్లిషు బోధనలో సహాయకురాలు. మన లెక్కలో పదో తరగతి, ఇంటరు పిల్లలు చదివే లిసేలో వారానికి 12 గంటల పని, చేతికి నెలకు సుమారు 800 యూరోలు. అందులో గది అద్దె పోతే బయట తినడం పండగ పూట మాటే. అందుకే వీసా రాకముందే మా అమ్మ ఒక అల్యూమినియం కుక్కర్ కొనిపెట్టింది. దాని పిడి కాస్త వదులుగా ఉందని మార్చుకోవడానికి వెళ్లాం. లేకపోతే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది.

అంగడి ఆయన పిడి సంగతి వదిలేసి, "ఏ దేశం పాపా? అక్కడ పొయ్యి ఎలాంటిది?" అని అడిగాడు. అక్కడ గది అద్దెకిచ్చే ఇంటివాళ్లు పంపిన ఫొటో ఫోనులో చూపించాను. వంటగట్టు మీద నల్లటి గాజు పలక. ఆయన గల్లాపెట్టె సొరుగులోంచి దారం కట్టిన అయస్కాంతం ముక్క తీసి మా కుక్కర్ అడుగుకు ఆనించి వదిలాడు. జారి ఊగులాడింది. స్టీలుదాని అడుగుకు ఆనిస్తే టక్కున అతుక్కుంది. "అంటుకుంటే ఉడుకుతుంది, అంటుకోకపోతే అక్కడ బియ్యం పోసుకునే డబ్బాగా వాడుకోవాలి," అన్నాడు. అల్యూమినియంలోనూ అడుగున ఇనుప పలక అతికించినవి ఉంటాయట, కానీ మాది అలాంటిది కాదు. పాతది వెనక్కి తీసుకుని మిగతా డబ్బే కట్టించుకున్నాడు. ఆ సొరుగులోని అయస్కాంతానికి విడిగా ఐదు చుక్కలు.

విమానంలో 23 కిలోల పెట్టె. కుక్కర్ బరువు రెండు కిలోల పైమాటే కాబట్టి దాన్ని ఖాళీగా పంపితే మా అమ్మకు ప్రాణం ఒప్పదు. చెనిక్కాయల పొడి, కందిపొడి, రాగిపిండి పొట్లాలు కుక్కింది. నెయ్యి సీసా మాత్రం నేనే తీసేయించాను. మన దేశం నుంచి వెళ్లేవాళ్లు పాలతో చేసినవి, మాంసంతో చేసినవి యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి తీసుకెళ్లకూడదు. నెయ్యీ పాల పదార్థమేనని ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది.

మొదటి నెల కుక్కర్ విలువ బాగా తెలిసింది. జీతం పడాలంటే బ్యాంకు ఖాతా వివరాల కాగితం ఇవ్వాలి, ఖాతా తెరవాలంటే ఇంటి చిరునామా రుజువు కావాలి, ఇంటివాళ్లేమో ముందు ఖాతా ఉందా అని అడుగుతారు. ఈ గానుగ తిరుగుడులో మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాలూ అన్నం, పప్పు, పొడి. ఆదివారం ఊళ్లో అంగళ్లు చాలావరకు మూసే ఉంటాయని తెలియక, మొదటి ఆదివారం ఉత్త పొడి అన్నంతో గడిపాను.

ఇక పనితనం. ఇండక్షన్ మీద వేడి ఉన్నపళంగా ఎక్కుతుంది. పొయ్యి మీది వేడి అంకె తొమ్మిదిలో పెడితే విజిల్ వచ్చేలోపే అన్నం అడుగంటింది. ఆరులో పెట్టుకోవాలి, నీళ్లు అరగ్లాసు ఎక్కువ పోయాలి. పప్పు మెత్తగా ఉడుకుతుంది, పప్పుగుత్తితో రెండు తిప్పులు చాలు. సంగటికి మాత్రం ఇది పనికిరాదు. అన్నం ఉడికాక రాగిపిండి వేసి గెలకబోతే గిన్నె గాజు పలక మీద జారుతుంది, గట్టిగా పట్టుకునే ఇంకో చెయ్యి ఉండాలి. కొయ్య గరిటె ఒకటి విరిగింది కూడా.

విజిల్ గురించి వేరే చెప్పాలి. రెండో రోజు రాత్రి ఎనిమిదికి మూడో విజిల్ పడగానే కింది ఇంటి పెద్దావిడ తలుపు తట్టింది. ఏదో పేలబోతోందనుకుందట. కుక్కర్ చూపిస్తే నవ్వి, మర్నాడు తన కుక్కర్ పైకి తెచ్చి చూపించింది. వాళ్లది కూయదు. వాల్వు సన్నగా బుస కొడుతుంది, అది మొదలవగానే మంట తగ్గించి గడియారం చూసుకుంటారు. వాళ్ల వంట పుస్తకాల్లో ఉండేవి నిమిషాలు, మన ఇళ్లలో ఉండేవి విజిళ్లు.

ఇదే తరగతిలో పాఠమైంది. ఖాళీ కుక్కర్ పట్టుకెళ్లి కడుగు, నానబెట్టు, మూత బిగించు అనే క్రియలు ఇంగ్లిషులో చెప్పిస్తుంటే, "మూడు విజిళ్లంటే ఎన్ని నిమిషాలు?" అని ఒక అబ్బాయి అడిగాడు. ఇరవై నాలుగేళ్లుగా ఆ పప్పు తింటున్నాను, జవాబు తెలియదు. ఇంటికి వెళ్లి ఫోనులో చూసుకుంటే ఆరు మీద పదకొండు నిమిషాలు, తొమ్మిది మీద ఏడు. బోర్డు మీద రాస్తే, అయితే విజిల్ కొలతే కాదని సగం తరగతి వాదించింది. మా అమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తూ చెవితో వంట చేస్తుందని, గడియారం చూడాలంటే లోపలికి రావాలని చెప్పడానికి నా దగ్గరున్న ఇంగ్లిషు అంతా అయిపోయింది. అన్ని వారాల్లో పిల్లలు తమంతట తాము ఇంగ్లిషులో పోట్లాడుకున్నది ఆ ఒక్క గంటే. మద్రాసులో తెలుగు మొదలుపెట్టి 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొరను కడపవాళ్లు ఇలాంటివి ఎన్ని అడిగారో!

ఉపాధ్యాయుల గదిలో భౌతికశాస్త్రం ఆయన మాత్రం, కుక్కర్ అసలు తమదేనన్నాడు. 1679లో ఎముకల్ని సైతం మెత్తబరిచే ఆవిరి పాత్ర చేసి చూపించిన డెనీ పాపాన్ ఫ్రెంచివాడే, కాకపోతే చూపించింది లండన్‌లో. విజిల్ మాదేనని నేను పట్టుబట్టాను.

లోపం ఒక్కటే, అది పెద్దదే. ఫిబ్రవరికల్లా రబ్బరు గట్టిపడి పక్కల నుంచి ఆవిరి పోయింది. లిమోజ్‌లో ఆ కొలత రబ్బరు దొరకలేదు. పింగాణీకి పేరుపడ్డ ఊరు, పళ్లేలు ఎన్నయినా దొరుకుతాయి, రబ్బరు లేదు. రోజూ చల్లటి నీళ్లలో నానబెట్టి బిగిస్తూ మార్చి దాకా లాగాను. ఆ తర్వాత పప్పును మూత పెట్టిన గిన్నెలో గంటసేపు ఉడికించుకున్నాను.

ఐదుకు నాలుగు. మే నెలలో వచ్చాక అదే అంగడికి వెళ్లి రబ్బరు అడిగితే, నలభై రూపాయలు తీసుకుని, "పోయేటప్పుడే రెండు అడగాల్సింది పాపా," అన్నాడు. చెప్పాల్సింది తనేనని నేను అన్నాను. ఈసారి ఎవరైనా కుక్కర్ కొని విదేశానికంటే, పక్కన రెండు రబ్బర్లు పెట్టి చూపిస్తానన్నాడు. చూపించకపోతే అడిగి తీసుకోండి.