జీబ్రాఫిష్ రెటీనా పనికి డాప్ట్, 5 మి.గ్రా. సీసా: మందు మంచిదే, కరిగించడమే తలనొప్పి

జీబ్రాఫిష్ (ల్యాబుల్లో పెంచే చిన్న చేప) పిండం కంట్లో నాచ్ సిగ్నల్‌ని, అంటే కణం ఏ రకంగా మారాలో పక్క కణాలు చెప్పే సంకేతాన్ని, అనుకున్న గంటకు ఆపాలంటే డాప్ట్ అనే ఈ మందంత సులువైన దారి ఇంకోటి లేదు. నీళ్లలో కలిపితే చాలు. నాచ్ రిసెప్టర్‌ని కోసే గామా సీక్రిటేజ్ అనే ఎంజైముని డాప్ట్ అడ్డుకుంటుంది. ఆ కోత పడకపోతే లోపలి ముక్క కేంద్రకానికి చేరదు, కణం ఆగకుండా న్యూరాన్ అయిపోతుంది.

ఎప్పుడు వేశారన్నదే అసలు సంగతి. రెటీనాలో మొదటి గ్యాంగ్లియన్ కణాలు (మెదడుకు సంకేతం పంపే న్యూరాన్లు) ఫలదీకరణ తర్వాత దాదాపు 28 గంటలకు పుడతాయి. 24కి మొదలుపెడితే ముందు పుట్టే రకాలు పెరిగిపోయి, తర్వాత రావలసినవాటికి ప్రొజెనిటర్లు (ఇంకా ఏ రకంగానూ మారని మూల కణాలు) మిగలవు. 45 దాటాక వేస్తే దెబ్బ ఎక్కువగా ముల్లర్ గ్లియా (న్యూరాన్లకు ఆసరాగా ఉండే కణాలు) మీద పడుతుంది. 24కి ముందు వేస్తే మాత్రం సోమైట్ల (వెన్ను పొడవునా వరసగా ఏర్పడే ఖండాల) గీతలు చెదురుతాయి. పాడైన ఒళ్లును చూసి కన్ను గురించి ఏం తేలుస్తాం?

ఇక సీసా. పొడి పల్చటి పొరలా గోడకూ మూతకూ అంటుకుని ఉంటుంది. తెరిచేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. తూచే పని పెట్టుకోకుండా, తేమ పట్టని డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావకం) 1.16 మి.లీ. సీసాలోనే పోస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ (తర్వాత పలుచన చేసుకునే చిక్కటి ద్రావణం) వస్తుంది. 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెట్టండి. కరిగించినదాన్ని మళ్లీ గడ్డ కట్టించొద్దు.

3 మి.లీ. ఈ3 నీళ్లకు (పిండాలను పెంచే ఉప్పునీళ్లకు) ఈ స్టాక్ 15 మైక్రోలీటర్లు వేస్తే 50 మైక్రోమోలార్. చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పోశారో, గిన్నె అడుగున మందు తెల్లటి సూదుల్లా గడ్డకడుతుంది. అప్పుడు పిండానికి అందిన మోతాదెంతో లెక్కే లేదు. నీళ్లను 28.5 డిగ్రీలకు వేడిచేసి, ట్యూబులో వోర్టెక్స్ తిప్పుతూ చుక్కచుక్కగా కలపండి. పిండాల చుట్టూ ఉండే గుడ్డు పొర తీసేశాకే మందు వేయండి. కంట్రోల్ గిన్నెలో 0.5 శాతం డీఎంఎస్‌ఓ తప్పనిసరి. కన్ను నల్లబడకుండా 0.003 శాతం పీటీయూ (నల్ల రంగును ఆపే మందు) రెండు గిన్నెల్లోనూ ఉండాలి.

లోపం ఒకటుంది: ఈ ఎంజైము కోసేది నాచ్‌ని ఒక్కదాన్నే కాదు. అందుకే నాచ్ నడిపించే హెర్4 జన్యువు తగ్గిందో లేదో ఇన్ సిటులో (జన్యువు ఎక్కడ పనిచేస్తోందో రంగుతో చూపే పరీక్షలో) చూసుకుని, నాచ్ సిగ్నల్ దెబ్బతిన్న మైండ్‌బాంబ్ మ్యూటెంట్ చేపతో పోల్చాకే ఫలితానికి నాచ్ పేరు రాయండి.

5కు 4 ఇవ్వొచ్చు. ఒక్క సీసాకే ఇలాంటి గిన్నెలు 75కు పైగా వస్తాయి, మొదటిసారే పెద్ద సీసా కొనక్కర్లేదు.