హెల్మెట్ వైజర్‌కు పిన్‌లాక్ 70: బిగింపు కుదిరితేనే డబ్బుకు విలువ

డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లకైనా, జోరు వానలో సిగ్నల్ దగ్గర ఆగేవాళ్లకైనా ఇబ్బంది ఒకటే. ఊపిరిలోని తేమ చల్లని వైజర్‌కు, అంటే హెల్మెట్ ముందరి అద్దానికి, తగిలి సన్నటి నీటిబొట్లవుతుంది, ఎదుటి బండి లైటు వాటిలో చెదిరిపోతుంది. దీనికి మార్కెట్లో ఉన్నవాటిలో పిన్‌లాక్ రేకే గట్టి మందు.

వైజర్ లోపలివైపు రెండు పిన్నుల మధ్య కూర్చునే పల్చటి ప్లాస్టిక్ రేకు ఇది. అంచు చుట్టూ ఉన్న సిలికాన్ గీత వైజర్‌ను అంటుకుని మధ్యలో గాలిని బంధిస్తుంది. ఆ గాలి పొర వల్ల రేకు బయటి చలికి అంతగా చల్లబడదు. పైగా తేమను తనే పీల్చుకుంటుంది. 30, 70, 120 రకాల్లో అంకె పెరిగేకొద్దీ ఎక్కువసేపు ఆవిరి పట్టకుండా ఉంటుంది. రోజువారీ ప్రయాణాలకు 70 చాలు.

అసలు పని బిగింపులో ఉంది. వైజర్ ఊడదీసి, గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. వైజర్ వంపును కాస్త సాగదీసి పట్టుకుని, సిలికాన్ వైపు వైజర్‌కు ఆనేలా రేకును ఒక పిన్నుకి, తర్వాత రెండోదానికి తగిలించండి. పైనున్న రక్షణ పొరను చివర్లోనే ఒలవాలి. ఇప్పుడు వెలుతురులో చూడండి: సిలికాన్ గీత చుట్టూ ఎక్కడా తెగకుండా ఆనాలి. ఖాళీ కనబడితే రెండు పిన్నుల్నీ సమానంగా, కొద్దికొద్దిగా తిప్పండి. వాటి ఇరుసు మధ్యలో కాక పక్కకు ఉంటుంది కాబట్టి తిప్పితే బిగువు మారుతుంది. రెండు పొరల మధ్య ఆవిరి పడుతోందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ బిగువునే. మంచి రేకును పనికిరాదని పారేసేవాళ్లు చాలామంది ఇది చూసుకోరు.

లోపాలూ ఉన్నాయి. రేకు మెత్తన, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. స్పిరిట్, గ్లాస్ క్లీనర్, యాంటీఫాగ్ స్ప్రే తగలనివ్వకండి. రాత్రిపూట లైట్ల చుట్టూ నీడబింబాలు కనిపించవచ్చు. గాలి రంధ్రాలు మూసి చాలాసేపు నడిపితే రేకు తేమతో నిండి మసకబారుతుంది. అప్పుడు వైజర్ కొంచెం తెరవాలి, ఇంటికొచ్చాక తెరిచిపెట్టి ఆరనివ్వాలి.

పిన్నులు లేని వైజర్‌కు ఇది పట్టదు. కొనేముందు పిన్నులున్నాయో లేదో, రేకు మీ వైజర్ మోడల్‌కు సరిపోతుందో లేదో చూసుకోండి. పిన్నులు లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క లోపలివైపు పూసి, మెత్తటి గుడ్డతో అద్దం తేటపడేదాకా రుద్దండి, కడగొద్దు. నీరు బొట్లు కట్టకుండా పల్చగా పరుచుకుంటుంది. త్వరగానే పోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ రాయాలి.