సాన్ ఆంతోనియో దే ఆరెకోలో వెండి కొనేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి

ఫ్రెండ్స్, అర్జెంటీనా వెళ్ళినవాళ్ళు బ్యూనస్ ఎయిర్స్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేలా ఆరెకో చూసొస్తుంటారు, దాదాపు 110 కిలోమీటర్లే. ఊరు మీద నాకు ఏ కోపమూ లేదు, 1857 నాటి పాత వంతెన, రచయిత రికార్డో గ్విరాల్దెస్ పేరు మీదున్న గౌచో మ్యూజియం, గుర్రాల మీద తిరిగే పెద్దాయనలు, అన్నీ బాగా నచ్చాయి. గౌచోలంటే పంపాస్ మైదానాల్లో గుర్రాల మీద పశువుల్ని కాసేవాళ్ళు. వాళ్ళ నడుముకుండే ఫాకోన్ కత్తి పిడి, బెల్టు బిళ్ళలు, జీను సామాను అన్నీ వెండితో చేసే పనివాళ్ళు ఈ ఊళ్ళో తరాలుగా ఉన్నారు, అందుకే అందరూ ఇక్కడే వెండి కొందామనుకుంటారు. మోసం జరిగేదీ సరిగ్గా అక్కడే.

మేము వెళ్ళిన టూర్ వ్యాన్ వాడు మమ్మల్ని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్ళోకి తీసుకెళ్ళాడు, ఆ టైమ్‌లో అసలు వర్క్‌షాపులు చాలావరకు మూసేసి ఉంటాయి, సాయంత్రం గానీ తీయరు, తెరిచున్నది వాడు తీసుకెళ్ళిన షాపు ఒక్కటే. అక్కడ మాతే అనే ఆకుల టీ తాగే సొరబుర్ర, దానికి వెండి అంచు, టీ పీల్చే బొంబిల్లా అనే గొట్టం, సెట్టులో లోహమంతా 925 వెండి, అంటే 92.5 శాతం వెండి అని చెప్పి, రేటు డాలర్లలో చెప్పి, మ్యాగ్నెట్ పెట్టి చూడండి అతుక్కోదు అని నమ్మబలికారు. ఇంటికొచ్చాక తెనాలిలో మా కంసాలి గీటురాయి మీద రుద్ది యాసిడ్ చుక్క వేసి జర్మన్ సిల్వర్ అమ్మా ఇది అన్నాడు. రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం, అందులో వెండి బొత్తిగా ఉండదు, మ్యాగ్నెట్ దానికీ అతుక్కోదు కాబట్టి ఆ టెస్టుకి విలువే లేదు. కార్డ్ కంపెనీకి కంప్లైంట్ చేస్తే, బిల్లులో హస్తకళ వస్తువు అని మాత్రమే ఉంది, వెండి అనే మాటే లేదు, ఏం చేయలేం అన్నారు. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను, అది మా అత్తయ్య గారి కోసం కొన్నది.

అక్కడ జర్మన్ సిల్వర్‌ని అల్పాకా అంటారు, అల్పాకా అని చెప్పి ఆ రేటుకే అమ్మితే తప్పేం లేదు, రోజూ వాడుకునే బొంబిల్లాలు చాలావరకు అవే. వెండి రేటు అడిగితే మాత్రం వస్తువు మీద 925 గానీ 900 గానీ ముద్ర చూపించమనండి, ముద్ర ఉన్నా సరే బిల్లు మీద ప్లాతా (స్పానిష్‌లో వెండి) అని, ఎంత శాతమో, వెండి బరువు ఎన్ని గ్రాములో రాయించుకోండి, ఎందుకంటే సొరబుర్రకి చుట్టిన అంచు బరువు చాలా తక్కువ, మొత్తం వస్తువు బరువు చెప్పి వెండి రేటు కడతారు. రాయనంటే లేచి వచ్చేయండి. వీలైతే టూర్ కాకుండా బ్యూనస్ ఎయిర్స్‌లోని రెతీరో బస్టాండ్ నుంచి బస్సులో వెళ్ళండి, రెండు గంటల ప్రయాణం, పొద్దున్నే చేరితే పనివాళ్ళు కూర్చుని చెక్కుతుంటే చూసి వాళ్ళ దగ్గరే కొనొచ్చు. నవంబర్ 10న గౌచో సంప్రదాయాల పండుగ ట్రెడిషన్ డే, ఆ దగ్గర్లో అయితే జనం విపరీతం, రూమ్ ముందే బుక్ చేసుకోండి. ఫాకోన్ కొంటే చెకిన్ లగేజీలోనే పెట్టండి, క్యాబిన్ బ్యాగ్‌లో ఉంటే ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు.