స్పై ఎక్స్ ఫ్యామిలీ ‘కంప్లీట్ వరల్డ్ బాక్స్’ ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

స్పై ఎక్స్ ఫ్యామిలీ అనే జపనీస్ కథ తాలూకు మాంగా (జపనీస్ కామిక్), నవల, గైడ్, సినిమా పుస్తకం అన్నీ ఒకే పెట్టెలో అంటూ ఆన్‌లైన్‌లో ఓ సెల్లర్ అమ్ముతున్నాడు. నేను కొన్నాను. అంతా నకిలీ. రిటర్న్ అడిగితే సీల్ తీశారు కాబట్టి కుదరదన్నాడు. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందో మరి!

మాటల బుడగలు సగం బైండింగ్‌లోకి పోయాయి, అది వదిలేయండి. అసలు ఘోరం గైడ్‌లో ఉంది. కథలో ఆన్యా అనే పాప చదివే ఈడెన్ అకాడమీలో ఎనిమిది స్టెల్లా స్టార్లు (మెచ్చుకోలు గుర్తులు) సంపాదిస్తే ఇంపీరియల్ స్కాలర్ అనే ప్రత్యేక హోదా, ఎనిమిది టోనిట్రస్ బోల్ట్‌లు (తప్పు చేసినందుకు గుర్తులు) పడితే స్కూల్ నుంచి గెంటేస్తారు. ఆన్యా పెంపుడు తండ్రి, గూఢచారి లాయిడ్ మిషన్ మొత్తం దీనిమీదే నడుస్తుంది. ఈ గైడ్‌లో అది తలకిందులుగా అచ్చేశారు. ఇంకా, ఒస్టానియా దేశ రాజధాని బెర్లింట్ పక్క దేశం వెస్టాలిస్‌లో ఉందట! వెస్టాలిస్ గూఢచారి ఒస్టానియాకు వచ్చి, బెర్లింట్‌లో దొంగ కాపురం పెట్టడమే కదా కథ. సొంత ఊళ్లోనే ఉంటే ఇంక దాక్కోవడం దేనికి?

‘ఇవన్నీ చదవకపోతే సీజన్ 2 అర్థం కాదు’ అని కూడా సెల్లర్ రాశాడు. పచ్చి అబద్ధం. 2019లో షోనెన్ జంప్ ప్లస్ అనే ఆన్‌లైన్ మాంగా పత్రికలో మొదలైన టట్సుయా ఎండో మాంగాయే మూలం. 2022లో మొదలైన అనిమే (జపనీస్ యానిమేషన్) సిరీస్ దాని వెంటే నడుస్తుంది. 2023 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ‘కోడ్: వైట్’ సినిమాది మాంగాలో లేని కథ. ఆన్యా వంట పోటీ కోసం లాయిడ్, ఆన్యాల ఫోర్జర్ కుటుంబం ఫ్రిజిస్ అనే చోటికి వెళ్తుంది. చూస్తే సరదా, చూడకపోయినా మూలకథకి ఏ లోటూ రాదు. అయా యజిమా రాసిన ‘ఫ్యామిలీ పోర్ట్రెయిట్’ నవల కూడా అంతే, అన్నీ పక్క కథలే. ఎక్కడ మొదలుపెట్టినా ఇబ్బంది లేకుండా అల్లిన లోకాన్ని, ఏదో మిస్సవుతామన్న టెన్షన్ పెట్టి అమ్ముతున్నాడు.

కొనేవాళ్లు ముందు కాపీరైట్ పేజీ, వెనక అట్ట ఫొటోలు అడగండి. ప్రచురణ సంస్థగా జపనీస్ ప్రతి అయితే షూయిషా, ఇంగ్లిష్‌ది అయితే విజ్ పేరుండాలి. అసలు మాంగా కుడి నుంచి ఎడమకి చదువుకోవాలి. నాకొచ్చిన పుస్తకాలన్నిటి మీదా ఒకే బార్‌కోడ్!

పేమెంట్ మీద ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఈలోపు సెల్లర్ పేరు మార్చి అవే ఫొటోలతో మళ్లీ దిగాడు. పెట్టె మీద ఆన్యా జుట్టు గులాబీ రంగులో కాక నారింజ రంగులో ఉంటుంది, చూసుకోండి.