హిగాషియామా: తెల్లవారుజామునా, రాత్రి దీపాల్లోనా?

నవంబర్ చివర్లో జపాన్‌లోని క్యోటో వెళ్తే, అక్కడి పాత పేట హిగాషియామాని ఎప్పుడు చూడాలన్న డైలమా తప్పదు.

ఖర్చు: కియోమిజు గుడి టికెట్ ఎప్పుడెళ్లినా 500 యెన్లే.

జనం: గుడి పొద్దున 6కే తెరుస్తారు, అప్పుడు గుడికెళ్లే దారిలోని సన్నెన్‌జాకా మెట్లు దాదాపు ఖాళీ. రాత్రి ఇసకేస్తే రాలనంత జనం.

తిండి: పొద్దున్నే షాపులన్నీ మూసే ఉంటాయి, ఏ ఒనిగిరీనో (జపాన్ అన్నం ముద్ద) ముందే కొనుక్కోవాలి. రాత్రికీ చాలావరకు కట్టేస్తారు.

అందం: ఇక్కడ రాత్రిదే పైచేయి. లైట్లకి మేపుల్ ఆకులు నిప్పుల్లా మెరుస్తాయి, గుడి మీంచి ఆకాశంలోకి నీలం కాంతి దూసుకెళ్తుంది.

రిస్క్: తడి ఆకులు జారతాయి, పైగా సన్నెన్‌జాకాలో పడితే మూడేళ్లలో పోతారని అక్కడో నమ్మకం!

అమ్మానాన్నలతో, పిల్లలతో అయితే పొద్దున్నే వెళ్లండి. జంటగా, రద్దీ అంటే టెన్షన్ లేకపోతే రాత్రి, అదీ వారం మధ్యలో.