కన్యాశుల్కమా, వేయిపడగలా?

మా ఇంట్లో తెగని తగాదా ఇది. నా ఓటు గురజాడ కన్యాశుల్కానికే. 1892లో తొలిసారి ప్రదర్శించిన నాటకం, 1909లో బాగా మార్చి మళ్లీ అచ్చువేశారు. మధురవాణి ఇంట్లో మంచం కింద గిరీశం, రామప్పంతులు ఇద్దరూ దూరడం, పూటకూళ్లమ్మ చీపురు దెబ్బ పంతులుకి తగలడం... ఎన్నిసార్లు చదివినా నవ్వాగదు. వాళ్ల మాట కూడా మన వీధిలో వినిపించే మాటే.

విశ్వనాథ నవల వేయిపడగలు అలా కాదు. రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. కథానాయకుడు ధర్మారావు ఆలోచనలు, ఉపన్యాసాలు పేజీలకు పేజీలు సాగుతాయి. కులాల గురించి ఆ పుస్తకం చెప్పేది నాకసలు మింగుడుపడదు. కానీ పసిరిక మాత్రం మర్చిపోలేని పాత్ర. దానికోసమైనా మూడోసారి తెరుస్తానేమో. మా నాన్నగారైతే వేయిపడగలు ముందు గిరీశం కబుర్లు ఏపాటివి అంటారు!