వేణువు పుస్తకం కొనేముందు శుద్ధ రిషభం ఉన్న పేజీ తీసి చూడండి

వేణువు నేర్చుకోడానికి ఏడాదిన్నరలో మూడు పుస్తకాలు కొన్నాను. మూడింటికీ కలిపి 350 రూపాయలయింది. అందులో ఇవాళ్టికీ నా వేణువు సంచిలో ఉండేది 40 రూపాయల పాత పుస్తకం ఒక్కటే. హైదరాబాద్‌లో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలూ లేవు. అందుకే దాని పేరు గానీ రాసినవారి పేరు గానీ నేను చెప్పలేను. అందులో ఏముందో, మిగతా రెండిట్లో ఏం లేదో మాత్రం చెప్పగలను. కొనేవాళ్ళకి కావలసింది కూడా అదే. (శుద్ధ రిషభం అంటే సా పక్కనే ఉండే చిన్న రి, వేణువు మీద సగం రంధ్రంతో పలికేది.)

నేను విజయనగరం దగ్గర కరెంటు లైన్‌మన్‌ని. వయసు 43. చిన్నప్పుడు రేడియోలో ఎన్. రమణి గారి వేణువు విన్నప్పటి నుంచీ ఈ కోరిక ఉంది. విజయనగరంలో 1919 నాటి సంగీత కళాశాల ఉంది, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి లాంటి వారు పనిచేసిన చోటు. కానీ నా డ్యూటీకి ఒక వేళంటూ లేదు. గాలి వీచినా వాన పడినా ఫోన్ మోగుతుంది. రోజూ ఒకే టైముకి గురువు ముందు కూర్చోలేను కాబట్టి పుస్తకం మీద ఆధారపడ్డాను.

మొదటిది బస్టాండ్‌లో కొన్న నీలం అట్ట పుస్తకం, 90 రూపాయలు. సగానికి పైగా సినిమా పాటల స్వరాలే. మొదటి పేజీలో వేణువు బొమ్మ, ఏ స్వరానికి ఏ రంధ్రాలు మూయాలో నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు. చూడ్డానికి సుబ్బరంగా ఉంది. దాని ప్రకారం పైనుంచి మూడు రంధ్రాలు మూసి ఊదితే షడ్జమం, అంటే సా. రెండు నెలలు అలాగే సాధన చేశాను. ఫోన్లో శ్రుతి యాప్ (ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించేది) ఐదు శ్రుతిలో, అంటే నా వేణువు సా ఎత్తులో పెట్టి, నా ఐదు శ్రుతి వేణువు వాయిస్తే ఎంతకీ కలవదు. తప్పు నా ఊపిరిదే అనుకుని ఇంకా గట్టిగా ఊదేవాడిని. తల తిరిగేది.

తప్పు బొమ్మలో ఉంది. ఆ పట్టిక హిందుస్తానీ వాళ్ళ ఆరు రంధ్రాల బాన్సురీది. దాని మీద మూడు మూస్తే సా. నా చేతిలో ఉన్నది మన కర్ణాటక వేణువు, ఎనిమిది రంధ్రాలది. దీని మీద రెండు మూస్తే సా. మూడు మూస్తే వచ్చేది కైశికి నిషాదం, అంటే సా కింద ఉండే ని. అంటే రెండు నెలల పాటు నేను నిషాదాన్ని పట్టుకుని సా అనుకుంటూ వాయించాను. ఈ పట్టిక ఏ వేణువుకో ఆ పుస్తకంలో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అందుకే మీరు పుస్తకం తెరిచిన వెంటనే ముందు ఇది చూడండి: బొమ్మలో రంధ్రాలు ఎన్ని, సా దగ్గర మూసినవి ఎన్ని.

రెండోది విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నాను, 220 రూపాయలు. కాగితం బాగుంది, అచ్చు తప్పులు లేవు, 72 మేళకర్త రాగాల పట్టిక మొత్తం ఉంది. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, మలహరి గీతాలు అన్నీ వరసగా ఉన్నాయి. గాత్రం నేర్చుకునేవాళ్ళకి నిజంగా మంచి పుస్తకం. కానీ అట్ట మీద వేణువు వేశారు గానీ లోపల ఊపిరి ఊసే లేదు. జంట వరుసల్లో 'సస రిరి' అన్నచోట రెండో స్వరాన్ని కాస్త నొక్కమని ఉంది. గొంతుతో అయితే నొక్కుతాం. వెదురుతో ఎలా నొక్కాలి? నాలుకతో 'తు' అని గాలిని తుంచి మళ్ళీ వదలాలా, వేలితో తట్టాలా? అలా నాలుకతో తుంచడాన్ని తుత్తుకారం అంటారని కూడా నాకు అప్పటికి తెలీదు. ఆ పుస్తకంలో ఆ మాటే లేదు.

దానికంటే పెద్ద ఇబ్బంది మొదటి పాఠంలోనే వస్తుంది. పురందరదాసు కాలం నుంచీ మన పాఠాలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. పాడేవాళ్ళకీ వీణ వాళ్ళకీ అది సుఖం. వేణువు మీద అలా కాదు. రంధ్రాలు ఒక్కొక్కటే పూర్తిగా తెరుస్తూ పోతే వెదురు తనంతట తాను ఇచ్చేది హరికాంభోజి రాగం. మాయామాళవగౌళ కావాలంటే శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం (చిన్న ధ), కాకలి నిషాదం (పెద్ద ని) మూడూ సగం రంధ్రాలతో పుట్టించాలి. ఒకటో రంధ్రం మూసి, రెండోది సగం మూస్తే శుద్ధ రిషభం. ఆ సగం ఎంతో చెప్పకుండా 'స రి గ మ' అని ముద్రించి వదిలేస్తే కొత్తవాడు మొదటి రోజే చతుశ్రుతి రిషభం, అంటే ఒక మెట్టు పై రి వాయించి, అదే సరైనదనుకుంటాడు. నేను అలాగే అనుకున్నాను.

ఇక ఆ అట్ట లేని పుస్తకం. రాసినవారు వేణువు వాయించినవారే అని రెండో పేజీకే తెలిసిపోతుంది. మొదటి నెలంతా స్వరాలు వద్దన్నారు, సా ఒక్కటే నిలపమన్నారు. పెదవి ముఖరంధ్రం మీద ఎంత మేర ఆనాలో పక్కనుంచి గీసిన బొమ్మ ఉంది. తర్వాత పూర్తి రంధ్రాల స్వరాలు, అవి కుదిరాకే మాయామాళవగౌళ. శుద్ధ రిషభం దగ్గర ఒక పేజీ మొత్తం కేటాయించారు. వేలిని పైకెత్తకూడదు, రంధ్రం మీదే పక్కకు దొర్లించాలి, చెవిలో శ్రుతి వింటూ దొర్లించాలి, గాలి అప్పుడు కొంచెం తగ్గించాలి. నాలుగు దశల్లో వేలి బొమ్మలు. ఆ పేజీతో నేను పదిహేను రోజులు గడిపాను.

నాకు అంతకంటే మేలు చేసిన మాట ఇంకొకటి ఉంది. రంధ్రాన్ని వేలి కొసతో కాకుండా వేలి లోపలి మెత్తతో మూయమని రాశారు. స్తంభాలెక్కి, వైర్లు బిగించి నా వేళ్ళ కొసలు మొరటుబారి పగుళ్ళు పట్టాయి. కొసతో మూస్తే ఎక్కడో ఒక దారి ఉండిపోయి, గాలి జారి స్వరం బుసకొట్టేది. ఇక నా చేతులకి ఇది రాదని ఒక రాత్రి వేణువు గూట్లో పెట్టేశాను కూడా. మెత్తతో మూసిన రోజు కింది స్వరాలు కూడా నిండుగా పలికాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింది.

ఈ పుస్తకంలోనూ లోపాలున్నాయి. ఏ శ్రుతి వేణువు కొనాలో లేదు. పోయిన పేజీల్లో ఉందేమో. నా అనుభవం చెబుతాను: పొడవైన ఒకటిన్నర శ్రుతి వేణువుతో మొదలుపెట్టకండి, రంధ్రాల మధ్య ఎడం ఎక్కువ, వేళ్ళు సాగవు. ఐదు శ్రుతిది చేతికి అందుతుంది. గమకాల (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) అధ్యాయం రెండు పేజీలే. అది ఏ పుస్తకానికైనా కష్టమే. కంపితం అనే గమకం కాగితం మీద గీతలాగే ఉంటుంది. అక్కడి నుంచి నేను నెలకి రెండు ఆదివారాలు ఒక గురువు గారి దగ్గరికి వెళ్తున్నాను. ఆయన నా సగం రంధ్రాలు విని, వీటిని మళ్ళీ దిద్దక్కర్లేదన్నారు.

పాత పుస్తకంలో ఇంతకు ముందు చదివినవారెవరో ప్రతి వరుస మీదా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో చిన్న టిక్కులు పెట్టారు. నేనూ అక్కడే తీసుకుంటున్నాను. పాఠం పుస్తకంలో ఈ గుర్తులు అచ్చులోనే ఉండాలి. మిగతా రెండిట్లో లేవు.

మా సెక్షన్‌లో పనిచేసే తమ్ముడి కూతురు, ఏడో క్లాసు, వేణువు నేర్చుకుంటానంది. ఆ 220 రూపాయల పుస్తకమే ఇచ్చాను, పాఠాల వరుస బాగుంటుందని. ఇచ్చేముందు మొదటి పాఠం ఎదురుగా శుద్ధ రిషభం వేలి బొమ్మలు నాలుగూ తెల్లకాగితం మీద గీసి అంటించాను. పైన ఎనిమిది రంధ్రాల వేణువు బొమ్మ వేసి, సా దగ్గర రెండు చుక్కలు నల్లగా దిద్దాను.